అతిథి, ఆతిథేయి, పరాన్నజీవి: మిథ్యాయంత్రాల వైరస్ రక్షణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక కంప్యూటర్ లోపల మరొక కంప్యూటర్ ఉన్నట్లుగా నడిపించే ఏర్పాటును వర్చువల్ మెషీన్ అంటారు. అది తనకు చోటిచ్చిన యంత్రాన్ని కూడా కాపాడగలదన్న ఆశ 1970ల నాటిది. ఆ ఆశ ఎంతవరకు నిలిచింది, ఎక్కడెక్కడ గండి పడింది అన్న విషయాన్ని 1967 నుండి 2023 వరకు గల ముఖ్య ఘట్టాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో 2017, 2019 సంవత్సరాలలో జరిగిన దాడులను, రాజమహేంద్రవరం వంటి ప్రచురణ కేంద్రాలలో పాత ఫాంట్లతో తయారైన తెలుగు ఫైళ్ల రక్షణ సమస్యను ఈ చరిత్రలో భాగంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: మిథ్యాయంత్రం, ఆతిథేయి, వైరస్, హైపర్‌వైజర్, విండోస్ ఎక్స్‌పి, తెలుగు ఫాంట్లు, రాజమహేంద్రవరం.

1. ప్రవేశిక: పదాల సంగతి

తెలుగు మాధ్యమ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో అద్దంలో కనిపించే బొమ్మను మిథ్యా ప్రతిబింబం అంటారు. తెర మీద పట్టడానికి అది దొరకదు, కాని కంటికి కనిపిస్తుంది, దానిని చూసి తల దువ్వుకోవచ్చు. వర్చువల్ మెషీన్‌ను మిథ్యాయంత్రం అనడానికి ఈ వాడుక చాలు. దానికి సొంత ప్రాసెసర్ లేదు, సొంత డిస్కు లేదు. అయినా దానిలో నడిచే ప్రోగ్రాముకు అవన్నీ ఉన్నట్లే ఉంటాయి. వేదాంతులు మిథ్య అనే మాటను పూర్తిగా లేనిదన్న అర్థంలో వాడలేదు. ఉన్నదనీ లేదనీ తేల్చి చెప్పలేని దానికి ఆ పేరు పెట్టారు. మిథ్యాయంత్రానికి అంతకన్నా అతికే మాట దొరకదు.

ఈ మిథ్యాయంత్రాలకు చోటిచ్చే అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అని, లోపల నడిచే దానిని గెస్ట్ అని వ్యవహరిస్తారు. తెలుగులో ఆతిథేయి, అతిథి. తెలుగు మాధ్యమ జీవశాస్త్రం చదివినవారికి ఆతిథేయి అన్న మాట వేరొక సందర్భంలో పరిచయం. పరాన్నజీవి ఏ జీవిలో ప్రవేశించి బతుకుతుందో ఆ జీవి ఆతిథేయి. ఈ విధంగా ఒకే పదం పిలిచి భోజనం పెట్టేవాడినీ, పిలవకుండా వచ్చినవాడు తినేస్తున్నవాడినీ సూచిస్తోంది. ఈ అర్థద్వయం కేవలం భాషావిశేషం కాదు. గత యాభై ఏళ్లలో మిథ్యాయంత్రాల రక్షణ కోసం జరిగిన ప్రయత్నమంతా అతిథిని, పరాన్నజీవిని వేరుగా ఉంచడం కోసమే జరిగింది.

తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అని సంప్రదాయ వ్యుత్పత్తి. వైరస్‌లలో కొన్ని మాత్రం తిథి చూసుకొనే వచ్చాయి. మైకెలాంజిలో వైరస్ ఏటా మార్చి 6న మేల్కొనేది. సి.ఐ.హెచ్. వైరస్ 1999 ఏప్రిల్ 26న అనేక దేశాలలో కంప్యూటర్ల హార్డ్ డిస్కులను చెరిపివేసింది.

2. గోడలు కట్టిన కాలం

మిథ్యాయంత్రం పుట్టింది రక్షణ కోసం కాదు, పొదుపు కోసం. 1960లలో ఒక పెద్ద కంప్యూటర్‌ను అనేకమంది పంచుకొని వాడుకోవలసి వచ్చేది. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉన్న ఐ.బి.ఎం. శాస్త్రీయ కేంద్రంలో రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో తయారైన సి.పి.-40 వ్యవస్థ 1967లో వాడుకలోకి వచ్చింది. అందులో ప్రతి వాడుకరికీ తనకొక సొంత కంప్యూటర్ ఉన్నట్లు అనిపించేది. దాని వారసురాలైన వి.ఎం./370ని ఐ.బి.ఎం. 1972 ఆగస్టులో ప్రకటించింది. హైదరాబాదులో 1967లోనే స్థాపితమైన ఈ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటర్‌ను రూపొందించింది. ఆనాటికి తెలుగు అచ్చుపని ఇంకా సీసపు అక్షరాలతోనే జరుగుతోంది. కంపోజిటరు కేసులోని గళ్లలో నుండి గుణింతాలను, ఒత్తులను ఏరి పేర్చేవాడు. ఆ అక్షరాలకు వైరస్ పట్టే అవకాశం లేదు.

పొదుపు కోసం కట్టిన గోడలు రక్షణకు పనికివస్తాయన్న ఆలోచనను 1973లో స్టువార్ట్ మాడ్నిక్, జాన్ డోనోవన్ ఒక పత్రంలో ప్రతిపాదించారు. వారి వాదం సరళమైనది. ఆపరేటింగ్ సిస్టమ్ చాలా పెద్దది, అందులో లోపాలు తప్పవు. దాని కింద ఉండి మిథ్యాయంత్రాలను నడిపే పర్యవేక్షక ప్రోగ్రాము చిన్నది. నేడు హైపర్‌వైజర్ అంటున్నది దానినే. ఒక వాడుకరి మరొకరి సమాచారాన్ని అందుకోవాలంటే పైనున్న ఆపరేటింగ్ సిస్టమ్, కిందనున్న పర్యవేక్షకుడు రెండూ ఒకేసారి విఫలం కావాలి. ఒకదాని లోపానికి, మరొకదాని లోపానికి సంబంధం ఉండదు కనుక ఆ రెండూ కలిసిరావడం అరుదు.

మరుసటి సంవత్సరం, అంటే 1974లో, జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఈ పర్యవేక్షకుడికి ఉండవలసిన లక్షణాలను నిర్వచించారు. మిథ్యాయంత్రంలో నడిచే ప్రోగ్రాము అసలు యంత్రంలో నడిచినట్లే నడవాలి, వనరుల మీద పెత్తనమంతా పర్యవేక్షకుడిదే కావాలి, వేగం పెద్దగా తగ్గకూడదు. గోదావరి డెల్టా వాసులకు ఈ రెండవ లక్షణాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కాలువ మీది లాకు దగ్గర రెండు వేర్వేరు మట్టాల నీరు ఎదురుపడుతుంది. తలుపుల పెత్తనం లాకు సిబ్బంది చేతిలో ఉన్నంతవరకే ఆ ఏర్పాటు నిలుస్తుంది.

మాడ్నిక్, డోనోవన్‌ల వాదంలో ఒక మెలిక ఉంది. పర్యవేక్షకుడు చిన్నగా ఉండాలన్నది దాని షరతు. తరువాతి దశాబ్దాలలో ఆ షరతే సడలిపోయింది.

3. 1987 డిసెంబరు: గోడ నిలిచింది, గడప నిలవలేదు

వైరస్ అన్న మాటకు శాస్త్రీయ నిర్వచనం ఇచ్చినవాడు ఫ్రెడ్ కోహెన్. 1984లో ప్రచురించిన పత్రంలో అతడు మరొక ముఖ్యమైన సంగతిని కూడా నిరూపించాడు. ఏ ప్రోగ్రామును ఇచ్చినా అది వైరస్ అవునో కాదో తప్పులేకుండా తేల్చగల సాధనాన్ని తయారు చేయడం తర్కరీత్యా అసాధ్యం. రక్షణకు రెండు దారులు ఉన్నాయనుకుంటే, ఒకటి గుర్తుపట్టడం, రెండవది వేరుచేయడం. మొదటి దారికి అంతు లేదని కోహెన్ చెప్పిన తరువాత రెండవ దారి మీద మొగ్గు పెరగడం సహజం. 1986లో లాహోరులో ఇద్దరు సోదరులు తయారు చేసిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీ డిస్కుల ద్వారా ఖండాలు దాటింది. వ్యక్తిగత కంప్యూటర్లలో వేరుచేసే గోడలేవీ లేవు. గోడలున్న వి.ఎం./370 వంటి పెద్ద యంత్రాలు సురక్షితమని భావించడానికి ఆస్కారం ఉండేది.

1987 డిసెంబరులో ఆ భావన తొలగింది. జర్మనీలోని క్లౌస్తాల్ సాంకేతిక విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకడు క్రిస్మస్ శుభాకాంక్షగా చిన్న ప్రోగ్రాము రాశాడు. దానిని నడిపితే తెర మీద అక్షరాలతో కూర్చిన క్రిస్మస్ చెట్టు కనిపిస్తుంది. కనిపిస్తూనే అది వాడుకరి చిరునామాల పట్టీలో ఉన్నవారందరికీ తన ప్రతిని పంపిస్తుంది. ఐరోపా విశ్వవిద్యాలయాల జాలం నుండి అమెరికా విశ్వవిద్యాలయాల బిట్‌నెట్‌కు, అక్కడినుండి ఐ.బి.ఎం. సొంత జాలానికి అది పాకింది. రాకపోకల ఒత్తిడికి ఆ జాలం స్తంభించింది.

ఈ ఘటనకు చరిత్రలో దక్కవలసినంత స్థానం దక్కలేదు. అందులో పాల్గొన్న ప్రతి వాడుకరీ తనదైన మిథ్యాయంత్రంలోనే ఉన్నాడు. ఒక్క గోడ కూడా కూలలేదు. పర్యవేక్షకుడి పెత్తనానికి ఏ భంగమూ కలగలేదు. వచ్చిన ఉత్తరాన్ని విప్పి, ప్రోగ్రామును తన చేతులతో నడిపినవాడు వాడుకరే. ఉత్తరాలు పోయే దారి గోడలో ఉద్దేశపూర్వకంగా పెట్టిన ద్వారం. ఒంటరిగా ఉన్న యంత్రం ఎవరికీ పనికిరాదు. పనికివచ్చేలా ద్వారం పెట్టిన వెంటనే దాని రక్షణ గోడ చేతిలో నుండి గడప దగ్గర నిలబడ్డ మనిషి చేతిలోకి పోతుంది. తరువాతి ముప్పై ఏళ్లలో వచ్చిన పెద్ద ప్రమాదాలలో చాలావాటికి ఇదే మాతృక.

4. వ్యక్తిగత కంప్యూటర్‌లోకి

1980లలో చౌక కంప్యూటర్లు రావడంతో పంచుకొనే అవసరం తగ్గి మిథ్యాయంత్రాలు మరుగున పడ్డాయి. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ మరుసటి ఏడాది వాటిని సామాన్య కంప్యూటర్లలోకి తెచ్చింది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లు పోపెక్, గోల్డ్‌బర్గ్‌ల షరతులకు తగినవి కావు. పర్యవేక్షకుడికి తెలియకుండానే యంత్రస్థితిని బయటపెట్టే ఆదేశాలు వాటిలో 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. వీఎంవేర్ ఆ ఆదేశాలను నడుస్తుండగానే వేరొక రూపంలోకి అనువదించే ఉపాయం కనిపెట్టింది. 2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు ప్రాసెసర్‌లోనే అందుకు ఏర్పాటు చేశాయి. జెన్, కె.వి.ఎం. వంటి ఉచిత హైపర్‌వైజర్లు అదే దశాబ్దంలో వచ్చాయి.

5. కాపలాదారు ఎక్కడ ఉండాలి?

వైరస్ నిరోధక ప్రోగ్రాము సాధారణంగా తాను కాపాడవలసిన ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంటుంది. దొంగ, కాపలాదారు ఒకే ఇంట్లో ఉన్నట్లు. దొంగ బలవంతుడైతే ముందుగా కాపలాదారు నోరు నొక్కుతాడు. 2003లో టాల్ గార్ఫింకెల్, మెండెల్ రోసెన్‌బ్లమ్ దీనికొక ప్రత్యామ్నాయం చూపారు. కాపలాదారును అతిథి యంత్రం నుండి బయటికి తెచ్చి, హైపర్‌వైజర్ పక్కన నిలబెట్టాలి. అక్కడినుండి అతడికి అతిథి జ్ఞాపకమంతా కనిపిస్తుంది. అతిథి లోపలి దొంగకు మాత్రం అతడు కనిపించడు.

ఇది గొప్ప ఊహే గాని ఒక చిక్కు ఉంది. బయటినుండి చూసేవాడికి కనిపించేది వట్టి సున్నాలు, ఒకట్లు. ఏది ఫైలు, ఏది నడుస్తున్న ప్రోగ్రాము అన్న భేదం అందులో కనిపించదు. శాసన ప్రతిలేఖాన్ని చేతిలోకి తీసుకున్నవారికి ఈ ఇబ్బంది పరిచితమే. అక్షరాలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, పదవిభాగం ఉండదు. ఆనాటి భాషావ్యాకరణం తెలిస్తేనే అక్షరాలు వాక్యమవుతాయి. అతిథి ఆపరేటింగ్ సిస్టమ్ 'వ్యాకరణం' తెలియని బయటి కాపలాదారుదీ ఇదే పరిస్థితి. ఆ వ్యాకరణాన్ని దొంగ మార్చివేస్తే చదివినదంతా అబద్ధమే అవుతుంది.

వ్యాపార ప్రపంచంలో ఈ ఆలోచన అమలైంది భద్రత కోసం కన్నా వేగం కోసమే అనవచ్చు. ఒకే ఆతిథేయి మీద పదుల సంఖ్యలో అతిథులుండి, ప్రతి ఒక్కటీ ఒకే గంటకు డిస్కు తనిఖీ మొదలుపెడితే ఆతిథేయి ఊపిరాడక నిలిచిపోయేది. వీఎంవేర్ 2010లో తెచ్చిన ఏర్పాటు ఒక ప్రత్యేక అతిథికే తనిఖీ పనిని అప్పగించి, మిగిలిన అతిథులకు ఆ భారం తప్పించింది.

6. తలకిందులైన ఆతిథ్యం

2006లో ఆట తిరగబడింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్, మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సబ్‌వర్ట్ అనే నమూనాను ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో జోవానా రుట్కోవ్‌స్కా బ్లూ పిల్ అనే ప్రదర్శన చేసింది. ఉద్దేశం రెండింటిదీ ఒకటే. దుష్ట ప్రోగ్రాము తానే హైపర్‌వైజర్‌గా మారి, నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను దానికి తెలియకుండానే అతిథిగా మార్చివేస్తుంది. ఇంటి యజమాని నిద్ర లేచేసరికి తన ఇంట్లోనే అతిథి అయ్యాడు. పరాన్నజీవి ఆతిథేయి స్థానంలో కూర్చుంది. అందరికంటె కింది పొరలో ఉన్నవాడే గెలుస్తాడన్న సూత్రం రక్షకుడికి ఎంత ఉపయోగమో భక్షకుడికీ అంతే ఉపయోగమని ఈ రెండు ప్రయోగాలు చూపాయి.

గోడకు నిజంగా గండి పడిన సందర్భాలు కూడా ఈ కాలంలోనే బయటపడ్డాయి. 2008లో వీఎంవేర్ షేర్డ్ ఫోల్డర్ సౌకర్యంలో లోపం కనబడింది. అతిథికి, ఆతిథేయికి ఉమ్మడిగా ఇచ్చిన ఒక ఫోల్డర్ ద్వారా అతిథి ఆతిథేయి డిస్కులో ఇతర చోట్లకు కూడా చేరగలిగేది. 2009లో తెరమీది బొమ్మలను చూపే భాగంలోని లోపంతో అతిథి నుండి ఆతిథేయికి దూకే పద్ధతిని ఒక పరిశోధకుడు ప్రదర్శించాడు. అన్నిటిలోకీ ఆలోచింపజేసేది 2015 మేలో వెల్లడైన వెనమ్ లోపం. అది ఉన్నది క్యూ.ఈ.ఎం.యు. అనే ప్రోగ్రాములో, మిథ్యా ఫ్లాపీ డ్రైవును నడిపే భాగంలో. 2004 నుండి అక్కడే ఉంది. 2015 నాటికి ఫ్లాపీ డిస్కు చూసిన విద్యార్థులే అరుదు. ఎవరూ వాడని ఆ పరికరపు మిథ్యారూపం మాత్రం వేలాది సర్వర్లలో నిశ్శబ్దంగా బతికే ఉంది. బ్రెయిన్ వైరస్‌ను మోసిన ఫ్లాపీ తాను పోయినా తన నీడను ద్వారంగా వదిలిపోయింది. పర్యవేక్షకుడు చిన్నగా ఉండాలన్న 1973 నాటి షరతును మరచినందుకు ఇది మూల్యం.

గోడ బద్దలు కొట్టకుండా పని ముగించుకున్న వైరస్ కూడా ఉంది. 2012లో గుర్తించిన క్రైసిస్ అనే వైరస్ ఆతిథేయి కంప్యూటర్‌లోకి ప్రవేశించి, అక్కడ వీఎంవేర్ మిథ్యాయంత్రాల కోసం వెతికేది. ఆగి ఉన్న మిథ్యాయంత్రం ఆతిథేయి దృష్టిలో ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఆ ఫైలును తెరిచి, తన ప్రతిని లోపల పెట్టి, మళ్లీ మూసివేసేది. అతిథి లోపల ఎన్ని తాళాలున్నా ఇల్లంతటినీ పెట్టెలో పెట్టి అటక మీద పడేసినప్పుడు ఆ తాళాలు పనిచేయవు. ఆతిథేయిని కాపాడకుండా అతిథిని కాపాడడం కుదరదన్నది ఇక్కడ తేలుతుంది.

7. 2017, 2019: తెలుగు రాష్ట్రాల అనుభవం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాలలో 'కార్డ్' కంప్యూటరీకరణ మొదలైంది. 2001లో ఈ-సేవా కేంద్రాలు వచ్చాయి. దస్తావేజులు, బిల్లులు, ధ్రువపత్రాలు ఒకదాని వెంట ఒకటి కాగితం నుండి కంప్యూటర్‌కు మారాయి. ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందో కంప్యూటర్ల మీద ఆధారపడడం కూడా అంత వేగంగా పెరిగింది.

2017 మే 12న ప్రపంచమంతటా విరుచుకుపడిన వానాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖను కూడా తాకింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. ఫైళ్లన్నీ తాళం పడి, బిట్‌కాయిన్లలో సొమ్ము చెల్లిస్తేనే తెరుస్తామన్న ప్రకటన తెర మీద నిలిచింది. విండోస్‌లో ఫైళ్లను పంచుకొనే పాత పద్ధతిలోని లోపం దీనికి దారి. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలల వ్యవధి ఉన్నా లక్షలాది కంప్యూటర్లకు అది చేరలేదు. విండోస్ ఎక్స్‌పి వల్లనే ఈ నష్టమంతా జరిగిందని అప్పట్లో విస్తృతంగా ప్రచారమైంది గాని, తాళం పడినవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు.

వానాక్రై ఆగిన తీరు మిథ్యాయంత్రాల చరిత్రకు నేరుగా సంబంధించినది. ఆ ప్రోగ్రాము తన పని మొదలుపెట్టే ముందు అర్థంలేని అక్షరాల పొడవాటి ఇంటర్‌నెట్ చిరునామా ఒకదానిని పలకరించేది. జవాబు రాకపోతే పని కొనసాగించేది, వస్తే విరమించేది. మార్కస్ హచిన్స్ అనే యువ బ్రిటిష్ పరిశోధకుడు ఆ చిరునామాను తన పేర నమోదు చేయించాడు. దాడి మందగించింది. తరువాత అతడిచ్చిన వివరణ ఇది: వైరస్‌లను పరీక్షించే ప్రయోగశాలలు వాటిని మిథ్యాయంత్రాలలో వదిలి గమనిస్తాయి. వాటిని మభ్యపెట్టడానికి ఏ చిరునామాను అడిగినా ఉన్నట్లే జవాబిస్తాయి. లేని చిరునామా నుండి జవాబు వచ్చిందంటే తాను పరీక్షలో ఉన్నట్లు వైరస్ గ్రహించి ముడుచుకుపోవాలి. చిరునామా నిజంగా నమోదు కావడంతో లోకంలోని ప్రతి కంప్యూటరూ దానికి ప్రయోగశాల మిథ్యాయంత్రంలాగే కనిపించింది. మిథ్యకు భయపడి అది సత్యాన్ని వదిలిపెట్టింది. పరీక్షశాల మిథ్యాయంత్రాన్ని పసిగట్టే ఉపాయాలు వైరస్‌లకు అంతకు ముందు నుండీ ఉన్నాయి. ఆ ఉపాయమే ఉచ్చుగా మారిన సందర్భం మాత్రం ఇదొకటి ప్రసిద్ధం.

2019 ఏప్రిల్ చివరలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడితో నిలిచిపోయాయి. ఆన్‌లైన్‌లో బిల్లుల చెల్లింపునకు అంతరాయం కలిగింది. కరెంటు సరఫరా ఆగలేదు గనుక ఈ ఘటన త్వరగానే మరుగున పడింది. అయితే రెండు రాష్ట్రాలలోని వేర్వేరు సంస్థలు ఒకే రోజున, ఒకే దెబ్బకు కుంటుపడడం గమనార్హం. ఏకీకరణలో పొదుపు ఉన్నచోటే ఈ ప్రమాదమూ ఉంటుంది. 1967లో పొదుపు కోసం పుట్టిన మిథ్యాయంత్రానికీ ఈ నియమం వర్తిస్తుంది. ఒక ఆతిథేయి మీద యాభై మంది అతిథులుంటే ఆతిథేయికి పట్టిన జబ్బు యాభై మందిది.

2023 ఫిబ్రవరిలో వచ్చిన దాడి దీనికి నిదర్శనం. వీఎంవేర్ ఇ.ఎస్.ఎక్స్.ఐ. సర్వర్ల మీద జరిగిన ఆ దాడిలో దుష్ట ప్రోగ్రాము అతిథుల జోలికి పోలేదు. ఆతిథేయిలో ప్రవేశించి, అతిథులకు సంబంధించిన ఫైళ్లకే తాళం వేసింది. దారి ఇచ్చిన లోపానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే, అంటే రెండేళ్ల ముందే వచ్చింది. ఆ దాడిలో పెద్ద డిస్కు ఫైళ్లకు తాళం పూర్తిగా పడకపోవడంతో, చెడిన చిన్న ఫైళ్లను తిరిగి నిర్మించి మిథ్యాయంత్రాలను బతికించే ఉపకరణాన్ని అమెరికా ప్రభుత్వ సంస్థ సీసా విడుదల చేసింది. దుండగుల తొందరపాటు కొందరిని కాపాడింది.

8. గౌతమి ఫాంటు, రాజమహేంద్రవరం ఫైళ్లు

విండోస్ ఎక్స్‌పితో పాటు వచ్చిన యూనికోడ్ తెలుగు ఫాంటు పేరు గౌతమి. గోదావరి పాయ పేరే. రాజమహేంద్రవరంలో వాసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం కలిసి నాళం కృష్ణారావు కృషితో రూపుదిద్దుకున్న గ్రంథాలయం పేరు కూడా గౌతమియే. ఆ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి. ఎక్స్‌పి కాలపు ఫైళ్లకు వచ్చిన కష్టంతో పోల్చినప్పుడు తాళపత్రాలే నయమనిపించే సందర్భాలున్నాయి. పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచిన పత్రాన్ని చదవడానికి కన్ను, లిపిజ్ఞానం చాలు.

ఎక్స్‌పిలో గౌతమి ఉన్నా ప్రచురణరంగం దానిని పెద్దగా వాడుకోలేదు. పుస్తకాల పేజీలు కూర్చిన పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. అందుచేత రాజమహేంద్రవరం, విజయవాడ, హైదరాబాదు డి.టి.పి. కేంద్రాలలో అను, శ్రీలిపి వంటి పాత పద్ధతి ఫాంట్లే రాజ్యమేలాయి. వీటిలో తెర మీద కనిపించేది తెలుగు అక్షరం, ఫైలులో దాగి ఉండేది ఏదో ఒక ఆంగ్ల సంకేతం. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని చిహ్నాలే కనిపిస్తాయి. 'రాజమండ్రి' అని వెతికితే దొరకదు. 2015లో అధికారికంగా మారిన 'రాజమహేంద్రవరం' అన్న పేరుతో వెతికినా దొరకదు. దాదాపు రెండు దశాబ్దాల తెలుగు పుస్తకాలు, ప్రత్యేక సంచికలు, సిద్ధాంత గ్రంథాలు ఈ రూపంలోనే హార్డ్ డిస్కులలో, సీడీలలో మిగిలాయి.

విండోస్ ఎక్స్‌పికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. రాష్ట్ర విభజనకు రెండు నెలల ముందు, కార్యాలయాలలో ఫైళ్ల పంపకాలు జరుగుతున్న రోజులవి. ఆ తరువాత ఎక్స్‌పి కంప్యూటర్‌ను ఇంటర్‌నెట్‌కు కలపడం అంటే తలుపు తీసి పడుకోవడమే. పాత ఫైళ్లను తెరవాలంటే మాత్రం ఎక్స్‌పి కావాలి. ఈ ముడిని విప్పడానికి అందుబాటులో ఉన్న సాధనం మిథ్యాయంత్రం. కొత్త కంప్యూటర్‌ను ఆతిథేయిగా ఉంచి, లోపల ఎక్స్‌పిని అతిథిగా నడిపి, అందులో పేజ్‌మేకర్‌ను, పాత ఫాంట్లను పెట్టుకోవచ్చు.

ఈ అతిథిని ఎలా చూసుకోవాలన్న ప్రశ్నకు పై చరిత్రలోనే సమాధానాలున్నాయి. మొదటిది, దాని మిథ్యా నెట్‌వర్క్ కార్డును పూర్తిగా తొలగించాలి. పేజీలు కూర్చడానికి ఇంటర్‌నెట్ అక్కరలేదు. మిథ్యా ఫ్లాపీ డ్రైవు వంటి వాడని పరికరాలను కూడా తీసివేయాలి. వెనమ్ వంటి లోపాలు దాగేది అటువంటి చోట్లనే. షేర్డ్ ఫోల్డర్ విషయంలో 2008 నాటి లోపం ఒక హెచ్చరిక, 2020 మేలో సోఫోస్ సంస్థ వెల్లడించిన సంగతి అంతకు మించిన హెచ్చరిక. రాగ్నర్ లాకర్ అనే దుష్ట ప్రోగ్రామును నడిపినవారు బాధితుల కంప్యూటర్లలో తామే వర్చువల్‌బాక్స్‌ను స్థాపించి, అందులో కుదించిన విండోస్ ఎక్స్‌పిని అతిథిగా పెట్టి, తమ ప్రోగ్రామును దాని లోపల దాచారు. ఆతిథేయి డిస్కులన్నిటినీ షేర్డ్ ఫోల్డర్లుగా ఇచ్చుకొని, అతిథి లోపలినుండే వాటికి తాళం వేశారు. ఆతిథేయిలోని వైరస్ నిరోధకానికి కనిపించింది వర్చువల్‌బాక్స్ అనే నమ్మకమైన ప్రోగ్రాము మాత్రమే. డి.టి.పి. ఆపరేటరు తెలుగు అక్షరాల కోసం చేసే ఏర్పాటు, దొంగ దాక్కోవడానికి చేసుకున్న ఏర్పాటు సాంకేతికంగా ఒకటే. ఉమ్మడి ఫోల్డర్ ఒక్కటే ఉండడం, అది కూడా ఖాళీ ఫోల్డర్ కావడం, పని లేనప్పుడు మూసి ఉంచడం ఇక్కడ భేదాన్ని నిర్ణయిస్తాయి.

డి.టి.పి. కేంద్రం నుండి ప్రెస్సుకు ఫైళ్లు పెన్‌డ్రైవులలో తిరుగుతాయి. 2008 నవంబరులో మొదలైన కాన్‌ఫికర్ వంటి పురుగులు పెన్‌డ్రైవు పెట్టగానే దానంతట అదే నడిచే సౌకర్యాన్ని వాడుకొని వ్యాపించాయి. ఎక్స్‌పిలో ఆ సౌకర్యాన్ని అణచివేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో అందరికీ పంపింది. పాత సీడీ నుండి ఎక్స్‌పిని మళ్లీ స్థాపించినవారికి ఆ సవరణ ఉండదు. కనుక పెన్‌డ్రైవును ముందుగా ఆతిథేయిలో తనిఖీ చేసి, కావలసిన ఫైలును మాత్రమే అతిథికి అందించాలి. మరొక మెలిక కూడా ఉంది. ఆతిథేయిలోని వైరస్ నిరోధకం అతిథి డిస్కు ఫైలులో ఎక్కడో అనుమానాస్పదమైన చిహ్నం చూసి, ఆ ఫైలంతటినీ నిర్బంధిస్తే మిథ్యాయంత్రం మొత్తం కనుమరుగవుతుంది. ఒక్క చెడ్డ పుట కోసం గ్రంథాన్నే తీసి దాచినట్లు. అందుకే చాలామంది నిర్వాహకులు ఆ ఫైళ్లను ఆతిథేయి తనిఖీ నుండి మినహాయించి, అతిథి లోపల వేరుగా తనిఖీ చేయిస్తారు.

మిథ్యాయంత్రానికి ఉన్న గొప్ప వరం స్నాప్‌షాట్. ఒక క్షణంలోని స్థితిని యథాతథంగా భద్రపరచి, కీడు జరిగితే అక్కడికి తిరిగిపోవచ్చు. గార్ఫింకెల్, రోసెన్‌బ్లమ్‌లే 2005లో ఈ వరంలోని శాపాన్ని ఎత్తిచూపారు. వెనక్కు పోయిన యంత్రం ఆనాటి తరువాత వేసిన ప్యాచ్‌లను కూడా పోగొట్టుకుంటుంది. అప్పటికే లోపల నిద్రిస్తున్న వైరస్ ఉంటే దానినీ తిరిగి తెచ్చుకుంటుంది. పాఠపరిష్కరణ చేసినవారికి ఇది కొత్త కాదు. ఒక ప్రతిలో దొర్లిన తప్పు దానినుండి తీసిన ప్రతులన్నిటికీ సంక్రమిస్తుంది. రాజమండ్రిలోనూ ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో లేఖకులను, పండితులను నియమించి ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు సేకరించి పోల్చి చూపించింది ఈ కారణం చేతనే. ఒకే స్నాప్‌షాట్ వరుస మీద ఆధారపడడం ఒకే ప్రతి మీద ఆధారపడడం వంటిది. ఎక్స్‌పిని, పేజ్‌మేకర్‌ను, ఫాంట్లను స్థాపించిన వెంటనే, బయటి ఫైలు ఒక్కటి కూడా తాకకముందే తీసిన ప్రతి మూలప్రతి అవుతుంది. దానిని ఆతిథేయికి కలిపి లేని వేరొక డిస్కులో ఉంచాలి. ఆ డిస్కు కూడా కలిసే ఉంటే వానాక్రై వంటిది రెండిటికీ ఒకేసారి తాళం వేస్తుంది.

మూలప్రతి మారలేదని నమ్మడం ఎలా? రాజమహేంద్రవరం రాజధానిగా ఏలిన తూర్పు చాళుక్యుల దానశాసనాలలో రాగిరేకులకు రంధ్రం చేసి, వాటిని ఒక కడియానికి గుచ్చి, ఆ కడియపు కొసలను రాజముద్రతో అతికేవారు. వరాహలాంఛనం, త్రిభువనాంకుశ బిరుదం ఉన్న ఆ ముద్రను పగలగొట్టకుండా ఒక రేకును తీసి మరొకటి చేర్చడం సాధ్యం కాదు. నేడు ఫైలు నుండి గణించే హ్యాష్ విలువ ఆ ముద్ర వంటిది. డిస్కు ఫైలులో ఒక్క అక్షరం మారినా విలువ మారిపోతుంది. క్రైసిస్ వైరస్ ఆగి ఉన్న మిథ్యాయంత్రంలోకి చొరబడిన తీరును చూసినప్పుడు, మూలప్రతి హ్యాష్‌ను కాగితం మీద రాసి ఉంచుకోవడం అతిజాగ్రత్త అనిపించదు.

ఈ విధంగా నడిపిన అతిథిలో పాత ఫైలును తెరిచి, పాఠాన్ని బయటికి తీసి, సంకేత పరివర్తకంతో యూనికోడ్‌లోకి మార్చి, పాత ఫాంటులోని పేజీతో పక్కపక్కన పెట్టి ప్రూఫు చూడవలసి ఉంటుంది. వట్రసుడులు, ఒత్తులు, అరసున్నలు ఎక్కువగా తారుమారయ్యేది ఈ దశలోనే. కనుక ఈ పనికి కంప్యూటర్ తెలిసినవాడి కంటె తెలుగు తెలిసినవాడే ముఖ్యం. పద్యాలున్న పుస్తకమైతే యతిప్రాసలు చూసుకునే ప్రూఫురీడరు పరివర్తకం చేసిన తప్పులను ఇట్టే పట్టుకుంటాడు. ప్రూఫు పూర్తయిన తరువాత మిగిలేది సాదా యూనికోడ్ పాఠం. దానిని తెరవడానికి ఎక్స్‌పి గాని, పేజ్‌మేకర్ గాని, అతిథి యంత్రం గాని అక్కరలేదు.